మెతుకుసీమలో రోమన్ నాణెం: సేకరణ, గుర్తింపు, చారిత్రక విలువ

ఉపోద్ఘాతం:
నారాయణఖేడ్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే కొండాపూర్ ఉంది. అక్కడి పాటిగడ్డను 1940లో హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ గులాం యజ్దానీ ఆధ్వర్యంలో తవ్వించడం మొదలుపెట్టింది. శాతవాహనుల నాణేలు, వాటిని పోతపోసే మూసలతో పాటు రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం, టైబీరియస్ నాణేన్ని అనుకరించిన మట్టి బిళ్లలు కూడా అక్కడ బయటపడ్డాయి. సముద్రతీరానికి ఎంతో దూరంలో ఉన్న మెతుకుసీమకు రోమన్ నాణెం ఎలా చేరింది, దాన్ని మనం ఎలా చదవాలి అన్నవి ఈ వ్యాసం పరిశీలించే అంశాలు.

గుర్తింపు పద్ధతి:
నాణేన్ని గుర్తించడానికి లోహం, తూకం, బొమ్మ, బొరుసు, అక్షరాలు ఆధారాలు. తెలుగునేలపై దొరికిన తొలికాలపు రోమన్ వెండి నాణేల్లో రెండు రకాలు ప్రధానమైనవి. మొదటి రకంలో బొమ్మవైపు అగస్టస్ శిరస్సు, బొరుసువైపు డాళ్లు, ఈటెలతో నిలబడిన అతని దత్తపుత్రులు గేయస్, లూసియస్ కనిపిస్తారు. దానిపై ‘జాతిపిత’ అనే అర్థమిచ్చే బిరుదు ఉంటుంది. అగస్టస్ ఆ బిరుదును క్రీ.పూ. 2లో స్వీకరించాడు కనుక నాణెం అంతకు ముందుది కాజాలదు. రెండవ రకం టైబీరియస్‌ది (క్రీ.శ. 14-37). దాని బొరుసుపై ఆసీనురాలైన స్త్రీమూర్తి, ‘ప్రధాన పురోహితుడు’ అనే బిరుదు ఉంటాయి. క్రీ.శ. 64లో నీరో వెండి నాణెం తూకాన్నీ, వెండి పాలునూ తగ్గించాడు. కాబట్టి తూకం కూడా కాలనిర్ణయానికి తోడ్పడుతుంది. అక్షరాలు అర్థం లేకుండా అల్లుకుపోయి ఉంటే అది స్థానిక అనుకరణ కావచ్చు.

అయితే నాణెం ముద్రించిన కాలం, అది ఇక్కడికి చేరిన కాలం, భూమిలో పడిన కాలం ఒకటి కానక్కరలేదు. మొదటిదాన్ని నాణెమే చెబుతుంది. మిగిలిన రెండింటిని అది దొరికిన మట్టిపొర, దానితో లభించిన వస్తువులు చెప్పాలి.

సేకరణ - సమస్య:
నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట లభించాయి. అవి ఒక రాశిగా నమోదైనందువల్లనే వాటి నుంచి వాణిజ్య చరిత్రను ఊహించగలుగుతున్నాం. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులను రోమన్ సామ్రాజ్యం నుంచి లాగుకుంటున్నదని క్రీ.శ. 1వ శతాబ్దంలో ప్లినీ వాపోయాడు. ఆ మాటను పరీక్షించడానికి మనకున్న భౌతిక సాక్ష్యం ఇలాంటి రాశులే. లంకెబిందె దొరికిన మరుక్షణం నాణేలు పంచుకోవడం, కరిగించడం, దొరికినచోటు దాచి అమ్మడం వల్ల ఆ సాక్ష్యం నశిస్తుంది. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలి. ఆ నిబంధన వెనుక ఉన్న చారిత్రక ప్రయోజనాన్ని గ్రామస్థులకు వివరించవలసిన బాధ్యత అధ్యాపకులది, పరిశోధకులది.

ముగింపు:
కొండాపూర్ మట్టి బిళ్లకు అంగడిలో విలువ లేదు. కానీ రోమన్ చక్రవర్తి ముఖం ఇక్కడివారికి ఎంతగా పరిచయమై, అనుకరించాలనిపించేంత ఆకర్షణీయమైందో అదే చెబుతోంది. బంగారు నాణెం సరుకు వచ్చిన దారిని సూచిస్తే, మట్టి బిళ్ల మనుషుల అభిరుచిని సూచిస్తుంది. ఆ రెండూ తవ్వకంలో దొరికి, దొరికిన చోటుతో సహా నమోదైనందువల్లనే చరిత్రకు ఆధారాలయ్యాయి. ఊరూ పేరూ లేని నాణెం రోమ్ చరిత్రకు కొంత పనికిరావచ్చు గానీ, తెలంగాణ చరిత్రకు మాత్రం మూగసాక్షిగానే మిగులుతుంది.