రెండు మార్కుల సింధు నది

మొన్న ఆదివారం పొద్దున్నే మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. వాడు ఉద్యోగం మానేసి రెండేళ్ళుగా హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాడు. ఆదివారం పొద్దున్న ఏడంటే నాకు అర్ధరాత్రి కిందే లెక్క, వాడికి మాత్రం అది కరెంట్ అఫైర్స్ రివిజన్ టైం.

"అన్నయ్యా, సింధు జలాల ఒప్పందాన్ని అబేయెన్స్‌లో పెట్టారు కదా, ఆ మాట ఒప్పందంలో ఏ ఆర్టికల్లో ఉంది? మా నోట్సులో ఎక్కడా లేదు."

"ఒప్పందం చదివావా?"

"అదంతా ఎవరు చదువుతారు! 1960 సెప్టెంబర్ 19, కరాచీ, నెహ్రూ, అయూబ్ ఖాన్, ప్రపంచ బ్యాంకు. తూర్పు నదులు మూడు మనకి, పడమటి నదులు మూడు వాళ్ళకి. అంతే."

వాణ్ణి తప్పు పట్టలేను. ప్రిలిమ్స్‌లో వంద ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు, తప్పు రాస్తే అందులో మూడో వంతు కోత. అలాంటి పరీక్షకి ఇంతకన్నా ఎక్కువ చదివితే మిగతావి మిగిలిపోతాయి. కానీ అదే వారం మా ఆఫీసులో భోజనాల దగ్గర ఇదే విషయం మీద పెద్ద వాదన జరిగింది. ఒకాయన "కుళాయి కట్టేస్తే నెలరోజుల్లో దారికొస్తారు" అన్నాడు, ఇంకొకాయన "చుక్క కూడా ఆపలేం, అంతా ఉత్తుత్తి ప్రకటన" అన్నాడు. ఇద్దరికీ తెలిసింది మా వాడి నోట్సులో ఉన్న ఆ రెండు వాక్యాలే అనిపించింది. ఆ సాయంత్రం నుంచి ఈ ఒప్పందం వెనకున్న కథ చదవడం మొదలుపెట్టా. చదివాక నాకు అర్థమైంది ఇది: మనం దీన్ని నీళ్ళ పంపకం అనుకుంటాం కానీ, ఇది పంపకం కాదు, విభజన. ఇన్నాళ్ళు నిలబడటానికి కారణమూ అదే, ఇప్పుడు చిక్కంతా కూడా అక్కడే.

1947 నుంచి మొదలుపెడదాం. పంజాబ్‌లో బ్రిటిష్ వాళ్ళు తవ్విన కాలువలు ప్రపంచంలోని పెద్ద సాగునీటి వ్యవస్థల్లో ఒకటి. అదంతా ఒకే రాష్ట్రంగా, ఒకే డిజైన్‌గా కట్టింది. రాడ్‌క్లిఫ్ గీత దాని మధ్యలోంచి పోయింది. రావి మీద మాధోపూర్ హెడ్‌వర్క్స్, సట్లెజ్ మీద ఫిరోజ్‌పూర్ హెడ్‌వర్క్స్ మనవైపు వచ్చాయి. వాటి నుంచి నీళ్ళు తాగే పొలాలు చాలావరకు లాహోర్ చుట్టుపక్కల, అవతలి వైపు. అంటే స్విచ్ ఒక ఇంట్లో, బల్బు పక్కింట్లో.

అప్పటికి తాత్కాలికంగా 1947 డిసెంబర్ 20న రెండు పంజాబుల చీఫ్ ఇంజనీర్లు ఒక యథాతథ ఒప్పందం రాసుకున్నారు. దాని గడువు 1948 మార్చి 31. గడువు దాటింది, పొడిగింపు లేదు. ఏప్రిల్ 1న తూర్పు పంజాబ్ ప్రభుత్వం ఆ కాలువలకి నీళ్ళు ఆపేసింది. (ఏప్రిల్ ఫూల్ అనుకుంటారేమో, నిజంగానే ఆ తారీఖే.) ఖరీఫ్ విత్తనాల ముందు. మే 4న ఢిల్లీలో రెండు ప్రభుత్వాలు కూర్చుని ఇంకో ఒప్పందం చేసుకున్నాయి, నీళ్ళు వదిలారు. వ్యవహారం నెల రోజుల్లో ముగిసింది కానీ, పాకిస్తాన్ ఆ నెల రోజుల్ని ఎప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాత వాళ్ళు నీటి గురించి మాట్లాడిన ప్రతి మాట వెనక ఆ ఏప్రిల్ ఉంటుంది. అంతకుముందు రాసుకున్న కాగితం మీద గడువు తేదీ ఉండటం వల్లే ఇదంతా జరిగింది... ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

1951లో డేవిడ్ లిలియెంథాల్ అనే అమెరికన్ మన ఉపఖండానికి వచ్చాడు. టెనెసీ లోయ అథారిటీకి అధ్యక్షుడిగా చేసినవాడు. (మన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కి నమూనా ఆ టెనెసీయే. సివిల్స్ వాళ్ళూ, ఇది రాసుకోండి :) ) ఆయన తిరిగి వెళ్ళి కాలియర్స్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. సారాంశం ఏమిటంటే, సింధు పరీవాహకం అంతా ఒకే యంత్రం, దాన్ని దేశాలవారీగా చూడకుండా భారత, పాకిస్తాన్, ప్రపంచ బ్యాంకు ఇంజనీర్లు కలిసి నడపాలి, రాజకీయం పక్కన పెట్టాలి అని. బ్యాంకు అధ్యక్షుడు యూజీన్ బ్లాక్‌కి ఆలోచన నచ్చింది. ఇద్దరు ప్రధానులకీ ఉత్తరాలు రాశాడు, ఇద్దరూ సరే అన్నారు. 1952లో ఇంజనీర్లు వాషింగ్టన్‌లో కూర్చున్నారు.

ఇంజనీర్‌గా నాకు లిలియెంథాల్ చెప్పిందే అందంగా కనిపిస్తుంది. నదికి సరిహద్దు తెలీదు, కాబట్టి కలిపి నడపడమే తెలివైన పని. కానీ మనందరం చూశాం కదా, ఒకరంటే ఒకరికి పడని రెండు టీముల చేతిలో ఒకే కోడ్‌బేస్ పెడితే ఏమవుతుందో. రెండేళ్ళ చర్చల తర్వాత బ్యాంకుకి కూడా అది అర్థమైంది. 1954 ఫిబ్రవరిలో లిలియెంథాల్ కలని పక్కన పెట్టి మొరటు పరిష్కారం ఒకటి ముందుకు తెచ్చింది. నీళ్ళు పంచొద్దు, నదులే పంచేద్దాం. రావి, బియాస్, సట్లెజ్ భారత్‌కి. సింధు, జీలం, చీనాబ్ పాకిస్తాన్‌కి. ఇంక రోజూ ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు.

సూత్రం 1954లోనే దొరికితే సంతకాలకి ఇంకో ఆరేళ్ళు ఎందుకు పట్టింది? డబ్బు దగ్గర. తూర్పు నదుల నీళ్ళతో పండే పాకిస్తాన్ పొలాలకి ఇకనుంచి పడమటి నదుల నుంచి నీళ్ళు తేవాలి. దానికి వందల మైళ్ళ లింకు కాలువలు, డ్యాములు కావాలి. ఆ ఖర్చెవరిది? చివరికి మనం 6 కోట్ల 20 లక్షల 60 వేల పౌండ్లు పది వార్షిక వాయిదాల్లో ఇవ్వడానికి ఒప్పుకున్నాం. మిగతాది అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, పశ్చిమ జర్మనీ, న్యూజిలాండ్‌లు, బ్యాంకు కలిసి సర్దాయి. మంగ్లా, తర్బేలా డ్యాములు ఆ క్రమంలో వచ్చినవే. 1965లో యుద్ధం జరిగినా మన వాయిదాలు ఆగలేదు. ఇక్కడ మన వైపు భాక్రా, పాంగ్, రాజస్థాన్ కాలువ. పంజాబ్, హర్యానాల గోధుమ వెనక ఆ తూర్పు నదులున్నాయి.

ఇప్పుడు అంకెలు. పుస్తకాలన్నీ మిలియన్ ఎకర్ ఫీట్లలో రాస్తాయి, తెలుగువాళ్ళకి అది తలకెక్కదు. మనది టీఎంసీల లోకం. ఒక మిలియన్ ఎకర్ ఫీట్ అంటే 43.56 టీఎంసీలు. పడమటి మూడు నదులు ఏడాదికి సుమారు 135 మిలియన్ ఎకర్ ఫీట్లు, అంటే దాదాపు 5,880 టీఎంసీలు. తూర్పువి 33, అంటే 1,437 టీఎంసీలు. మనం తరతరాలుగా కొట్టుకుంటున్న కృష్ణలో బచావత్ ట్రిబ్యునల్ లెక్కేసి పంచింది మొత్తం మూడు రాష్ట్రాలకీ కలిపి 2,060 టీఎంసీలు! అంటే నీళ్ళలో ఎనభై శాతం అటు వెళ్ళాయి. 1960 నవంబర్‌లోనే లోక్‌సభలో సభ్యులు దీన్ని విమర్శించారు. తమ ఊళ్ళ మీదుగా పోయే నీళ్ళని తామే వాడుకోలేకపోతున్నామని జమ్మూ కాశ్మీర్ శాసనసభ 2002లో తీర్మానం కూడా చేసింది. ఆ బాధలో న్యాయం ఉంది, కాదనను.

అయితే పడమటి నదుల మీద మనకి అస్సలు హక్కు లేదనుకోవడం తప్పు. కొంత సాగుకి వాడుకోవచ్చు, నీటిని ఆపకుండా ప్రవాహం మీదే కరెంటు తయారు చేసుకోవచ్చు, 3.6 మిలియన్ ఎకర్ ఫీట్ల దాకా నిల్వ కూడా కట్టుకోవచ్చు. టీఎంసీల్లో అది 157. నాగార్జునసాగర్ ఇప్పటి కెపాసిటీ 312, అందులో సగం అన్నమాట. విచిత్రం ఏమిటంటే, అనుమతించిన ఆ సగం సాగర్ కూడా మనం ఇన్నేళ్ళలో కట్టుకోలేదు.

ఒప్పందంలో ఆర్టికల్స్ పన్నెండే. అసలు సరుకంతా అనుబంధాల్లో ఉంది, ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది. అనుబంధం డి తెరిస్తే రాజకీయం ఏమీ ఉండదు. విద్యుత్ ప్రాజెక్టులో గేటు ఏ ఎత్తులో పెట్టాలి, చెరువులో ఎంత నీళ్ళు ఆడించుకోవచ్చు, ఇదే గోల. తర్వాత వచ్చిన తగాదాలన్నీ అక్కడివే. సలాల్ విషయంలో 1978లో పాకిస్తాన్ అభ్యంతరం ఒప్పుకుని అడుగు గేట్లు మూసేశాం. ఫలితం, రిజర్వాయరు పూడికతో నిండిపోయింది. వులర్ సరస్సు దగ్గర తుల్‌బుల్ పని 1987లో ఆపేశాం. బగ్లిహార్ తటస్థ నిపుణుడి దగ్గరికి వెళ్ళింది. స్విట్జర్లాండ్‌కి చెందిన రేమండ్ లాఫిట్ 2007లో, పూడిక పోవాలంటే కింద గేట్లు ఉండాల్సిందే, సలాల్ లాంటి తప్పు మళ్ళీ చేయకూడదు అన్న మన వాదనని చాలావరకు ఒప్పుకున్నాడు. 2013లో కిషన్‌గంగా కేసులో ఆర్బిట్రేషన్ కోర్టు నీళ్ళు మళ్ళించుకోవడానికి ఒప్పుకుంది కానీ, పూడిక కోసం నీటిమట్టాన్ని బాగా దించడానికి వీల్లేదంది. ఒకే ప్రశ్నకి రెండు చోట్ల రెండు జవాబులు. 2016 నుంచి జరిగిన గొడవంతా ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నదే. పాకిస్తాన్ కోర్టు అంది, మనం నిపుణుడు అన్నాం, ప్రపంచ బ్యాంకు 2022లో ఇద్దర్నీ ఒకేసారి వేసింది! 2023 జనవరిలో మనం ఒప్పందాన్ని మార్చాలని నోటీసు ఇచ్చాం, 2024 ఆగస్టులో మరోటి. అంటే పహల్గాం కన్నా ముందే ఇది చిరిగిపోతూ ఉంది. కమిషనర్లు చివరిసారి కలిసింది 2022 మేలో.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మర్నాడే, సీమాంతర ఉగ్రవాదానికి మద్దతుని పాకిస్తాన్ నమ్మదగినట్టుగా, తిరుగులేని విధంగా వదులుకునేదాకా ఒప్పందాన్ని అబేయెన్స్‌లో పెడుతున్నామని భారత్ ప్రకటించింది.

మా తమ్ముడి ప్రశ్నకి వద్దాం. ఆ మాట ఒప్పందంలో ఎక్కడా లేదు. ఆర్టికల్ 12 ప్రకారం ఒప్పందం మారాలన్నా, రద్దు కావాలన్నా రెండు దేశాలూ ఇంకో ఒప్పందం రాసుకుని ఆమోదించాలి. అప్పటిదాకా నడుస్తూనే ఉంటుంది. 1948 మార్చి 31 గుర్తుందిగా, గడువు తేదీ వల్ల ఏం జరిగిందో చూసినవాళ్ళు ఈసారి గడువే లేకుండా రాశారు. బయటికి తలుపు లేని ఇల్లు కట్టారు. అందుకే మన ప్రభుత్వం "రద్దు" అనలేదు, ఒప్పందంలో లేని కొత్త మాట ఎంచుకుంది. అది చెల్లదని పాకిస్తాన్ అంటుంది. ఆర్బిట్రేషన్ కోర్టు 2025 జూన్‌లో తన అధికారం దీనివల్ల పోదంది. ఆ కోర్టు ఏర్పాటే అక్రమం, దాని మాట మేం వినం అని మనం అన్నాం. నాకు తోచింది చెప్పాలంటే, పరిస్థితులు మారితే అరవై ఏళ్ళ నాటి కాగితాన్ని తిరిగి రాయమని అడగడం న్యాయమే, కానీ ఆ తిరిగి రాసేది కూడా చివరికి ఇద్దరూ కూర్చునే రాయాలి.

మరి నీళ్ళు? మా ఆఫీసు కుళాయి పెద్దమనిషికి చెప్పాల్సిన లెక్క ఇది. పడమటి నదుల సగటు రోజుకి 16 టీఎంసీలు, వేసవి వరదల్లో ఇంకా చాలా ఎక్కువ. బగ్లిహార్‌లో ఆడించుకోవడానికి లాఫిట్ ఇచ్చింది 32.56 మిలియన్ ఘనపు మీటర్లు, అంటే 1.15 టీఎంసీ. కుళాయి కట్టాలంటే ముందు ట్యాంకు ఉండాలి. ట్యాంకు కట్టడానికి ఏళ్ళు పడుతుంది, అదీ హిమాలయాల్లో, భూకంపాల నేల మీద. రెండో ఆయనకి చెప్పాల్సింది వేరే. మొదట ఆగేవి నీళ్ళు కాదు, సమాచారం. ప్రవాహం లెక్కలు, తనిఖీలు, కమిషన్ సమావేశాలు ఆగిపోతాయి. పూడిక ఎప్పుడు కడగాలో అడగక్కర్లేదు. 2025 మేలో సలాల్, బగ్లిహార్‌లలో ఆ పనే జరిగిందని వార్తలొచ్చాయి. కింద ఉన్న రైతుకి విత్తనాల వేళ రెండు మూడు రోజులు నది సన్నబడి, తర్వాత ఒక్కసారిగా బురదతో రావడం చిన్న విషయం కాదు. ఎగువన కర్ణాటక గేట్ల వైపు చూస్తూ కూర్చునే మనవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

ఇదంతా ఫోన్లో ఒక నలభై నిమిషాలు చెప్పాను. వాడు ఓపిగ్గా విన్నాడు. చివర్లో, "సరే గానీ అన్నయ్యా, రద్దు గురించి ఉన్నది ఆర్టికల్ 12లో ఎన్నో క్లాజు?" అన్నాడు.

నాలుగోది అని చెప్పాను. రాసుకున్నాడు.