లోహములు కొఱవడిన తారలు

జ్యోతిశ్శాస్త్ర పరిభాషలో హైడ్రోజను, హీలియము తప్ప తక్కిన మూలకములన్నియు లోహములే. 1920లో మేఘనాథ సాహా ప్రకటించిన అయనీకరణ సూత్రము, వర్ణపటములోని గీతలనుబట్టి నక్షత్రద్రవ్యమును లెక్కగట్టుటకు దారి చూపెను. అయినను, తారలన్నిటి కూర్పు ఇంచుమించు ఒక్కటే యను విశ్వాసము చాలకాలము నిలిచెను.

1951లో అమెరికా శాస్త్రజ్ఞులు చాంబర్లిన్, ఆలర్ తులారాశిలోని హెచ్.డి. 140283 తారను, మఱియొకదానిని పరీక్షించిరి. వానిలో ఇనుము సూర్యునిలోకంటె మిక్కిలి తక్కువగా కానవచ్చెను. తులారాశి తారలో అది నూఱవవంతైనను లేదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. పాత విశ్వాసము సడలెను.

1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హాయిల్ దీనికి కారణము వివరించిరి. లోహములు తారలయందే పుట్టి, అవి నశించునపుడు అంతరిక్షమున వెదజల్లబడును. ఆ ద్రవ్యమునుండి జనించు తారలలో లోహము హెచ్చును. కావున లోహము మిక్కిలి తక్కువైన తార సాధారణముగా ప్రాచీనమైనది.

ఇట్టివి బహు అరుదు. విశాల గగనభాగములను గాలించి, కాల్షియము గీతలు సన్నగిల్లిన తారలను ఏరి, పెద్ద దూరదర్శినులతో శోధింపవలెను. ఇట్లు వెదకగా 2014లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇనుపగీతయే కానరాని తారను ప్రకటించిరి.

మన నెత్తుటిలోని ఇనుమును ఒకనాటి తారలు ప్రసాదించినదే. ఆ సంపద చేకూరకముందటి ఆకాశమునకు ఈ నిరుపేద తారలే సాక్షులు.