బెల్ ఫీచర్స్

బెల్ ఫీచర్స్ కెనడా దేశంలోని టొరంటో నగరం కేంద్రంగా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కామిక్ పుస్తకాలను ప్రచురించిన సంస్థ. ముఖచిత్రం మాత్రమే రంగులలోనూ, లోపలి పుటలు నలుపు తెలుపులలోనూ ఉండే ఈ తరహా పుస్తకాలను సేకరణకర్తలు తరువాతి కాలంలో 'కెనడియన్ వైట్స్' అని పిలిచారు.

నేపథ్యం

యుద్ధానికి పూర్వం కెనడా బాలబాలికలు చదివిన కామిక్స్ దాదాపుగా అమెరికా నుండి వచ్చినవే. సూపర్‌మేన్ సృష్టికర్తలలో ఒకరైన జో షుస్టర్ టొరంటోలో జన్మించినవాడే అయినా, ఆ పాత్ర వెలువడినది అమెరికాలోనే. 1940 డిసెంబరులో కెనడా ప్రభుత్వం యుద్ధ అవసరాలకై అమెరికా డాలర్లను పొదుపు చేయదలచి, అత్యవసరం కాని వస్తువుల దిగుమతిని చట్టం ద్వారా నిషేధించింది. ఆ జాబితాలో కామిక్స్ కూడా చేరాయి. సాహిత్యాభిమానంతో చేసిన చట్టం కాకపోయినా, దేశీయ కామిక్స్‌కు ఊపిరి పోసినది ఇదే. 1941 మార్చి నాటికే వాంకూవర్‌లో మేపుల్ లీఫ్, టొరంటోలో ఆంగ్లో-అమెరికన్ సంస్థలు రంగంలోకి దిగాయి.

టొరంటోలో వాణిజ్య చిత్రకళా సంస్థను నడుపుతున్న సై బెల్, జీన్ బెల్ సోదరులు 1941 సెప్టెంబరులో 'వావ్ కామిక్స్' వెలువరించారు. తరువాత యాక్టివ్, డైమ్, ట్రయంఫ్, కమాండో, జోక్ అనే కామిక్స్ వచ్చాయి. 1943 నాటికి అన్నీ కలిపి వారానికి లక్షకు పైగా ప్రతులు అమ్ముడయ్యేవి.

పాత్రలు

ఏడ్రియన్ డింగిల్ సృష్టించిన నెల్వానా ఈ సంస్థ పాత్రలలో అగ్రగణ్య. 1941 ఆగస్టులో వేరొక ప్రచురణలో మొదలై, 1942లో బెల్ సంస్థకు వచ్చింది. వండర్ ఉమన్ కంటె కొన్ని నెలల ముందే పుట్టిన వీరనారి ఈమె. ఉత్తర ధ్రువకాంతుల రాజు కుమార్తెగా ఇనుయిట్ ప్రజలను కాపాడుతుంది. చిత్రకారుడు ఫ్రాంజ్ జాన్‌స్టన్ ఉత్తర ప్రాంతంలో విని వచ్చిన ఇనుయిట్ గాథలు ఈ పాత్రకు మూలం. అయితే బొమ్మలలో ఆమె రూపం ఇనుయిట్ స్త్రీది కాక, శ్వేతజాతి సినీతారను తలపించడం గమనార్హం.

జానీ కానక్ 1942 ఫిబ్రవరిలో డైమ్ కామిక్స్ ద్వారా పరిచయమయ్యాడు. ఏ అద్భుత శక్తులూ లేని ఈ విమానచోదకుడు నాజీలతో తలపడతాడు. చిత్రకారుడు లియో బాక్లే అప్పటికి ఇంకా విద్యార్థి.

క్షీణత

యుద్ధం ముగిసి, అమెరికా కామిక్స్‌కు మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. వాటి రంగుల పుటల ముందు నలుపు తెలుపు పుస్తకాలు నిలువలేకపోయాయి. బెల్ సంస్థ సొంత కథల ప్రచురణ 1946 ప్రాంతంలో ఆగిపోయింది. నెల్వానా చివరిగా 1947లో మరొక సంస్థ పుస్తకంలో కనిపించింది.

పునరుద్ధరణ

చవక కాగితంపై అచ్చయిన ప్రతులు చాలావరకు నశించాయి. మైకేల్ హిర్ష్, పాట్రిక్ లూబెర్ట్ అనే యువకులు బెల్ వద్ద మిగిలిన మూలచిత్రాలను సంపాదించి, 1971లో వాటిపై గ్రంథం ప్రచురించారు. అదే ఏడు క్లైవ్ స్మిత్‌తో కలిసి తాము స్థాపించిన యానిమేషన్ సంస్థకు 'నెల్వానా' అని పేరు పెట్టారు. ఆ చిత్రాలు తరువాత కెనడా జాతీయ అభిలేఖాగారానికి చేరాయి. 1995లో కెనడా తపాలా శాఖ నెల్వానా, జానీ కానక్‌ల బొమ్మలతో తపాలా బిళ్లలు విడుదల చేసింది. నెల్వానా కథలు పాఠకుల చందాలతో 2014లో పునర్ముద్రణ పొందాయి.