కీటకాల రసాయన సంభాషణ: పరిణామ చరిత్ర

ఒంట్లో తయారైన రసాయనాలతో కీటకాలు తమ జాతివాటికి కబురు పంపడమే రసాయన సంభాషణ. ఆ రసాయనాలను ఫెరోమోన్లు అంటారు. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వైపు పత్తి రైతుకు ఇవి లింగాకర్షక బుట్టలోని ఎరగా తెలుసు.

ఈ భాష చెవికీ కంటికీ అందదు కాబట్టి మనిషికి ఆలస్యంగా తెలిసింది. కీటకాలకు మాత్రం కోట్ల ఏళ్ల నాటిది. నేల మీద బతికే కీటకానికి ఒంట్లో తడి ఆరిపోకుండా పైపొర మీద మైనపు పూత కావాలి. ఆ పూతలోని హైడ్రోకార్బన్లనే చీమలు తమ పుట్టవారినీ పరాయివారినీ పోల్చుకునే ఆనవాళ్లుగా మలచుకున్నాయి. పరిణామం ఇక్కడ కొత్త సరుకు తేలేదు, ఉన్నదానికే కొత్త పని అప్పగించింది. రెక్కల పురుగుల్లో ఆడవి కొవ్వు ఆమ్లాలను ఎంజైములతో మార్చి వాసన తయారుచేస్తాయి. ఒక ఎంజైము మారితే వాసన పాళ్లు మారతాయి. దాన్ని గుర్తించే మగవి దొరికితే కొత్త జాతికి దారి పడవచ్చు.

ఫ్రాన్సులో కీటక శాస్త్రవేత్త ఫాబర్ గూట్లో ఉంచిన ఆడ పురుగు కోసం మగవి చీకట్లో గుంపుగా రావడం చూశాడు. 1959లో జర్మనీలో రసాయన శాస్త్రవేత్త బుటెనాంట్ బృందం సుమారు 5 లక్షల ఆడ పట్టుపురుగుల నుంచి వాటి ఫెరోమోన్ బాంబికాల్‌ను వేరుచేసింది. ఫెరోమోన్ అనే మాట కూడా ఆ ఏడాదే పుట్టింది.

పత్తిలో విచ్చుకోని గుడ్డిపూలకు కారణమైన గులాబీ రంగు పురుగు కథ ఇంకా ఆసక్తికరం. 1966లో దాని వాసనగా ప్రకటించిన ప్రొపైల్యూర్‌ను కృత్రిమంగా తయారుచేసి చేలో పెడితే మగవి రాలేదు. 1973లో అసలు వాసన దొరికింది. అది ఒకటి కాదు, ఒకే అణువుకు చెందిన రెండు రూపాల మిశ్రమం. వాటి మధ్య తేడా ఒక్క ద్విబంధం ఎటు తిరిగిందన్నదే. రెండూ దాదాపు సమపాళ్లలో ఉండాలి. దీనికి గాసిప్లూర్ అని పేరు పెట్టారు. అదే కుటుంబానికి చెందిన వడ్ల చిలుక ఆ రెండింటిలో ఒకే రూపాన్ని వాడుతుంది. గాదెలోని పురుగుకూ చేలోని పురుగుకూ ఉన్న చుట్టరికం ఇలా వాసనలోనే బయటపడుతుంది. ఈ విషయంలో నాకు ఇంతకంటే అందమైన ఆధారం కనిపించలేదు.

పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1980వ దశకంలో శనగపచ్చ పురుగు రాకపోకలను లింగాకర్షక బుట్టలతోనే గమనించింది. పత్తిలో ఒక్కో బుట్టలో రాత్రికి 8 మగ గులాబీ రంగు పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడితే నివారణకు దిగాలన్నది నేటి సూచన. చేనంతా వాసన నింపి మగవాటిని దారి తప్పించే పద్ధతి కూడా ఉంది.

కీటకం మాత్రం మారడం ఆపలేదు. జపాన్ తేయాకు తోటల్లో ఒకే రసాయనాన్ని ఏళ్ల తరబడి నింపేసరికి ఒక ఆకుచుట్టు పురుగు దాన్ని లెక్కచేయడం మానేసింది. దాని సహజ మిశ్రమంలోని మిగతా రసాయనాలనూ కలిపాక గానీ మళ్లీ దారి తప్పలేదు.