చుట్టకు గురువులు: తెలుగునాట పొగాకు చరిత్రలో ఒక ప్రకరణము

చుట్ట యను మాట తెలుగున మిక్కిలి ప్రాతది. చుట్టలోని పొగాకు మాత్రము క్రొత్తది. చుట్టబడిన దేదైనను చుట్టయే. పాము చుట్ట, త్రాటి చుట్ట, తలపై కుండ నిలుచుటకై పెట్టుకొను చుట్టకుదురు - ఇవి యన్నియు పొగాకు మన దేశమునకు రాకపూర్వమే మన వాడుకలో నుండినవి. పొగాకు వచ్చిన పిదప ఆ ప్రాతపేరే దానికిని అమరినది. ఇంగ్లీషువారి 'చెరూట్' అను మాటకును తమిళుల 'చురుట్టు' అనుదే మూలమని పండితులు నిర్ణయించిరి; దాని యర్థమును చుట్టబడిన దనియే.

చుట్ట కాల్చుట యెవరికిని పుట్టుకతో వచ్చు విద్య కాదు. తొలిసారి కాల్చినవానికి తల తిరుగును, కడుపులో త్రిప్పును. కావున ప్రతి చుట్టకు వెనుక ఒక గురువు ఉండవలెను: ఏ యాకు మంచిది, ఎట్లు వెలిగింపవలెను, ఎట్లు పీల్చవలెను అని చెప్పువాడు. ఆ గురువు లెవరు, వారేమి చెప్పిరి, ఏమి చెప్పకపోయిరి అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

మన టేకల్ ఈ చరిత్రకు మొదట నొక కాలపు గుర్తుగా ఉపయోగపడును. మాలూరు తాలూకాలోని ఈ యూరి వరదరాజస్వామి యాలయమును, సాళువ గోపరాజు శాసనములును పదునైదవ శతాబ్దివి. కోలారు మండల శాసనములను రైసు దొర 1905లో ప్రకటించిన సంపుటమున ఇచ్చటి శాసనములు చేరియున్నవి. ఆ గోపరాజు కొలువులో తాంబూలము ఉండియుండును. చుట్ట మాత్రము ఉండుటకు వీలులేదు. ఏలయన కొలంబసు నావికులు క్యూబా దీవియందు ఆకును చుట్టి కాల్చువారిని మొట్టమొదట చూచినది 1492లో. శ్రీనాథుని కాలమును గోపరాజు కాలమే. అందుచేత పొగాకు పేరెత్తిన చాటుపద్యమేదైనను శ్రీనాథునిదని యెవరైన చదివినచో, దానిని విచారింపకయే త్రోసివేయవచ్చును. చాటువుల కర్తృత్వము తేల్చుటకు ఇంతకంటె సులభమైన గీటురాయి మరియొకటి లేదు.

పొగాకు పోర్చుగీసు ఓడలలో మన పడమటి రేవులకు వచ్చి, అచ్చటినుండి దక్కనులోనికి ప్రాకినది. 1604-05 ప్రాంతమున అసద్ బేగ్ అను మొగలు ఉద్యోగి బిజాపురము నుండి పొగాకును, రత్నములు తాపిన గొట్టమును గొనిపోయి అక్బరు పాదుషాకు సమర్పించెను. పాదుషా దానిని నోట పెట్టుకొనగా, ఆస్థానవైద్యుడు అడ్డుపడి, మన గ్రంథములలో దీని ప్రసక్తి లేదు, తెలియని మందు వలదనెను. యూరపువా రెరుగుదురు గదాయని అసద్ బేగ్ బదులు చెప్పెను. వారు చేయుదురని పరీక్షింపక మనమును చేయనేలయని వైద్యుడనెను. లోకమందలి ప్రతి యాచారమును ఒకనాడు క్రొత్తదియే గదాయని అసద్ బేగ్ సమాధానము. పాదుషా ఈ వాదమున కానందించెను గాని తాను మాత్రము ఆ యలవాటునకు లోబడలేదు. సామంతులు లోబడిరి, వర్తకులు అమ్మసాగిరి. 1617లో జహాంగీరు దానిని నిషేధించినను నిషేధము నిలువలేదు. పరీక్షింపక చేయరాదన్న ఆ వైద్యుని మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. దానికి ఫలము మూడున్నర శతాబ్దులకు గాని రాలేదు.

తెలుగువాడు చుట్టకాల్చుటను గూర్చిన ప్రాతసాక్ష్యములలో నొకటి టామస్ బౌరీ యను ఆంగ్ల వర్తకునిది. ఆతడు 1669-79 మధ్య బంగాళాఖాతపు తీరములు తిరిగి వ్రాసిన గ్రంథము వ్రాతప్రతిగానే యుండి, 1905లో గాని అచ్చుపడలేదు. తీరమందలి పేదలు, అనగా ఆనాటి దొరలు 'జెంటూ'లనెడు మన తెలుగువారును తక్కినవారును, గొట్టము లేకయే ఆకును చుట్టి, ఒక కొన వెలిగించి, రెండవకొన పెదవుల నడుమ నుంచుకొని కాల్చుదురని ఆతడు వర్ణించెను. దానికి బుంకో యని పేరనియు, పోర్చుగీసులు చెరూటా యందురనియు చెప్పెను. అది హీనమైన పద్ధతి గాని బహుశః మూలపద్ధతి యదియే కాబోలునని యాతని యూహ. ఆ యూహ నిజమే. క్యూబాలో కొలంబసు మనుష్యులు చూచినదియు ఇట్టి చుట్టనే గదా! హుక్కా ధనికులది, చుట్ట, ఆకు తప్ప మరేమియు కొనలేనివానిది.

ఇక ఆకునకు ఖ్యాతి తెచ్చినది గోదావరి. టేకల్ నుండి గోదావరికి దూరము మెండు. కాని తెలుగునాట చుట్ట యన్నచో పొగాకు లంకలను తలపక తీరదు. ఏటేట వరద తీసిన పిదప లంకలపై నిలిచిన ఒండ్రుమట్టిలో నారు నాటి, మొక్క పూతకు రాకుండ తలలు త్రుంచి, పిలకలు గిల్లి, ఆకును ముదురనిత్తురు. కోసిన యాకును పందిళ్ల నీడను వ్రేలాడగట్టి ఆరబెట్టి, కుప్పవేసి, ఆ కుప్పను మరల మరల తిరుగవేయుచు మాగబెట్టుదురు. కుప్పలోని వేడిచే పచ్చివాసన పోయి ఆకు నలుపెక్కును. ఈ లంక పొగాకుతో చేసిన చుట్టలకు మదరాసు రాజధానిలో గొప్ప గిరాకి యుండెనని 1886లో యూల్, బర్నెల్ అనువారు తమ ఆంగ్లోఇండియను నిఘంటువున 'లంకా' యను మాటక్రింద వ్రాసిరి. 1890లో వెలువడిన కోనన్ డాయిల్ నవలలో షెర్లాక్ హోమ్స్ అను కల్పిత అపరాధపరిశోధకుడు హంతకుడు కాల్చినది భారతదేశపు 'లంకా' యైనచో వెదకవలసిన మేర తగ్గును గదా యనును. లండను పాఠకునికి ఆ పేరు గోదావరి ఇసుకతిన్నెలదని తెలిసియుండదు. అంతకు మూడేండ్లు ముందు వచ్చిన మొదటి నవలలో తిరుచినాపల్లి చుట్ట బూడిదను పోల్చినవాడును ఆ పరిశోధకుడే. కాకినాడ రేవు నుండి లంక పొగాకు బర్మాకు ఓడలపై పోయి రంగూను చుట్టలలో చేరెడిది. కోరంగి పేరిట 'కొరంగీ'లనబడిన మన కూలీలు పోయిన దారియు అదియే.

చుట్ట కొనువానికి పెద్దలు చెప్పు మాటలలో చాలభాగము అనుభవముచే తేలినవి. చుట్టను రెండు వ్రేళ్ల నడుమ నుంచి కొసనుండి కొసకు మెల్లగా నొక్కి చూడవలెను: గట్టిగడ్డలున్నచో పొగ రాదు, బోలుగా నున్నచో వేడెక్కి నాలుక కాలును. పైన చుట్టిన యాకు పగుళ్లు లేనిదిగను, లావు ఈనెలు లేనిదిగను ఉండవలెను. లోపలి యాకునకు నడిమి ఈనె తీసిరా లేదా యని కొననుండి చూచినచో తెలియును. తీయనిచో మంట ఒకప్రక్కకు పోవును. బూజువాసన గొట్టునది, ముట్టగానే పొడియగునది కొనరాదు. వెలిగించి ప్రక్కన పెట్టగా వెంటనే చల్లారిపోవు చుట్ట చవుడు నేల ఆకుదని రైతు చెప్పును. రసాయనశాస్త్రము ఈ మాటను సమర్థించినది: ఆకులో క్లోరిను మెండైనచో అది సరిగా కాలదు, పొటాషు దానిని కాలనిచ్చును. ఏ ప్రయోగశాలయు లేకయే రైతు దీనిని కనుగొన్నాడు. పొగాకు పరిశోధనకై రాజమహేంద్రవరమున కేంద్రసంస్థ నెలకొన్నది 1947లో గాని కాదు.

కాల్చు పద్ధతియు నట్టిదే. కొనను నిప్పులో ముంచక, మంటకు కొంచెము ఎడముగా పట్టి త్రిప్పుచు అంటింపవలెను. నిమిషమున కొకటి రెండు మార్లకంటె పీల్చరాదు. పొగను నోటనే యుంచి విడువవలెను గాని రొమ్ములోనికి పోనీయరాదు. పరగడుపున ముట్టరాదు. చుట్టపొగ సిగరెట్టు పొగవలె గాక క్షారగుణము కలది. అందుచేత అందలి నికొటిను నోటి లోపలి పొర నుండియే రక్తములోనికి పోవును. పెద్దలు పొగను మ్రింగవలదనుట ఆకుబలము తెలిసిన మాట. కాని మ్రింగకున్నచో హానిలేదని వారు తలచుట మాత్రము పొరపాటు. వారు ఆకును క్షుణ్ణముగా పరీక్షించిరి. నోటిని పరీక్షించినవారు లేరు.

తెలుగు సాహిత్యమున చుట్ట నేర్పిన గురువులలో అగ్రగణ్యుడు గురజాడవారి గిరీశము. 1897లో మొదట అచ్చయి, 1909లో విస్తరింపబడిన కన్యాశుల్కమున, చదువు చెప్పక చుట్టకాల్చుట నేర్పితివని శిష్యుడు వెంకటేశము సణుగగా, గిరీశ మాతనిని మందలించు తీరు జగత్ప్రసిద్ధము. దొరలు గొప్పవారగుటకు చుట్టయే కారణమనియు, ఆవిరియంత్రము కనిపెట్టుటకు మూలము చుట్టయేననియు వాదించి, పైగా శాస్త్రప్రమాణముగా నొక చాటుపద్యము నప్పగించును. గరుడుడు తెచ్చుచున్న యమృతమునుండి రాలిన చుక్కయే పొగచెట్టయ్యెననియు, పొగ త్రాగనివాడు దున్నపోతై పుట్టుననియు దాని భావము. తెలుగువారిలో ఆ పద్యము రానివారరుదు. నవ్వుచు చదువుకొనుచున్నాము గాని, అసద్ బేగు వాదమునకును గిరీశము వాదమునకును భేదమేమి? ఇద్దరికిని ప్రమాణము దొరవాడే. మొదటివాడు దానిని నమ్మి చెప్పెను, రెండవవాడు నమ్మకయే చెప్పెను. గురజాడవారు గిరీశమువంటి మోసగాని నోట ఈ ఉపదేశము పెట్టుటయందలి వ్యంగ్యమును మన పెద్దలు పలువురు గమనింపక, పద్యమును మాత్రము జ్ఞాపకముంచుకొనిరని నా యభిప్రాయము.

ఇరువదవ శతాబ్దిలో గుంటూరు సీమయందు వర్జీనియా పొగాకు ప్రబలెను. బీడీ, సిగరెట్టు వచ్చి చుట్టను పట్టణములనుండి వెడలగొట్టినవి. పొగాకు బోర్డు గుంటూరున 1976లో ఏర్పడునప్పటికి వ్యాపారము ప్రధానముగా సిగరెట్టు ఆకుదే. చుట్ట పల్లెలో ముసలివారి చేత మిగిలెను. ఉత్తరకోస్తాలో ముఖ్యముగా స్త్రీల నోట మిగిలెను.

ఆ స్త్రీల పద్ధతికి అడ్డపొగ యని పేరు. వెలిగిన కొనను నోటిలోపల నుంచుకొని, పెదవులు మూసి పొగ పీల్చుట. గాలికి నిప్పు ఆరదు, బూడిద బట్టలపై పడదు, చేతులు పనికి ఖాళీగా నుండును. బట్టలుతుకుచును, నాటువేయుచును కాల్చుకొనవచ్చును. ఈ పద్ధతి మనకే ప్రత్యేకము కాదు. సార్డీనియా, పనామా, ఫిలిప్పీను దేశములందును కనబడినది. దీనిని తల్లి కూతురికి నేర్పెను. నేర్చుకొనువానికి చుట్ట గురువు చెప్పు జాగ్రత్తలన్నియు ఇందును ఉండినవి, ఒక్కటి తప్ప.

ఆ యొక్కటి 1957లో బయటపడెను. కోస్తా ఆంధ్రమున అంగిటి పుండ్లు (క్యాన్సరు) నిప్పుకొనను నోట పెట్టి చుట్ట కాల్చుటవలన కలుగుచున్నవని డి. జి. రెడ్డి, వి. కె. రావు అను వైద్యులు భారతీయ వైద్యశాస్త్ర పత్రికయందు ప్రకటించిరి. తక్కినచోట్ల అరుదైన అంగిటి క్యాన్సరు ఇచ్చట ఏల మెండో యప్పటికి తేటపడినది. పిమ్మట డెన్మార్కు పండితుడు పిండ్‌బోర్గును, బొంబాయి టాటా పరిశోధనసంస్థకు చెందిన ఫలీ మెహతాయు, వారి సహచరులును శ్రీకాకుళము జిల్లా పల్లెలలో 10,169 మంది నోళ్లను పరీక్షించి, 1971లో ఫలితములను ప్రకటించిరి. వారిలో నూటికి నలువదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారు. అందును స్త్రీలే అధికులు. అక్బరు వైద్యుడు కోరిన పరీక్ష ఇదియే. అది పాదుషా కొలువులో గాక, శ్రీకాకుళపు పల్లె యరుగులపై జరిగెను.

నేటి కుర్రవాడు వేడుకకై క్యూబా చుట్ట పెట్టెనో, దిండిగల్లు చుట్టనో కొనదలచి యడిగినచో, పైన చెప్పిన ఆకు, ఈనె, బూడిదల సంగతి చెప్పవచ్చును. దానితోపాటు, 2003 నాటి చట్టమును బట్టి పదునెనిమిదేండ్లు నిండనివానికి పొగాకు అమ్మరాదనియు, 2008 అక్టోబరు 2 నుండి బహిరంగస్థలములలో పొగ త్రాగుట నిషేధమనియు, మాలూరు నుండి టేకల్ మీదుగా బంగారుపేటకు పోవు రైలుపెట్టెలో ముట్టించినను నేరమేననియు చెప్పవలెను. అంగిటి సంగతియు దాచరాదు.

మాట చెప్పినంతమాత్రమున వినువారెవరని కొందరందురు. ఎర్నాకులము, భావనగరము, శ్రీకాకుళము జిల్లాలలో పొగాకు వాడు 36,000 మందిని ఎంచుకొని, వారికి హానిని బోధించి, ఏటేట నోళ్లను చూచుచు వచ్చిన పరిశోధకులు 1986లో లాన్సెట్ పత్రికయందు ఫలితములు వెల్లడించిరి. బోధింపబడినవారిలో అలవాటు మానినవారును తగ్గించినవారును ఎక్కువైరి. క్యాన్సరుకు ముందుగా నోట కనబడు మచ్చలును తగ్గినవి. శ్రీకాకుళములో అట్లు మానినవారిలో తల్లులవద్ద అడ్డపొగ నేర్చిన స్త్రీలును ఉండిరి.