నవలామాలిక యెవ్వరిది?: ఆంగ్ల నగరాద్భుత నవలల అభిమాన పఠన చరిత్ర

ఆంగ్లమున అర్బన్ ఫాంటసీ అని వ్యవహరింపబడు నవలాశాఖను మనము నగరాద్భుతమని పిలువవచ్చును. దయ్యములు, మంత్రగాండ్రు, తోడేలు రూపు దాల్చు మనుష్యులు, రక్తము ద్రావి జీవించు వాంపైర్లు మున్నగువారు పాడుపడిన కోటలలో గాక, నేటి నగర వీధులలో, పాఠశాలలలో, మద్యశాలలలో మన నడుమ సంచరించుట దీని ప్రధాన లక్షణము. పారానార్మల్ అను పేర యువజనులకై వ్రాయబడు నవల దీనికి సోదరప్రాయమైనది. ఈ రెండును ఒంటి గ్రంథములుగా గాక మాలికలుగా పెరుగును. వీనిని చదువువారిలో పెక్కుమంది కేవల పాఠకులు కారు, అభిమానులు. ఒక సంపుటము ముగించి, తరువాతి దానికై ఏండ్ల తరబడి నిరీక్షించి, నడిమికాలమున పాత సంపుటములను మరల మరల చదివి, ఆ కథాలోకపు నియమములను కంఠస్థము చేసికొని, రచయిత ఆ నియమమును తప్పినచో వెంటనే పట్టుకొనువారు. ఈ పఠనమున కొక చరిత్ర కలదు. ఆ చరిత్రయందు ఆదినుండియు ఒక ప్రశ్న వినవచ్చుచున్నది. మాలిక యెవ్వరిది? వ్రాసినవారిదా, అచ్చువేసినవారిదా, చదివినవారిదా? ఈ వ్యాసమున ఆ ప్రశ్ననే అనుసరించి పోవుచున్నాను. నేనును ఈ మాలికల అభిమాన పాఠకులలో నొకడను గావున తటస్థుడనని చెప్పుకొనను.

1816 వేసవిలో జెనీవా సరస్తీరమున బైరను, షెల్లీ, తరువాత మేరీ షెల్లీగా ప్రసిద్ధురాలైన మేరీ గాడ్విన్, బైరను వైద్యుడగు జాన్ పాలిడోరి కూడియుండి, తలకొక దయ్యపు కథ వ్రాయుదమని పంతము పట్టిన వృత్తాంతము ఆంగ్ల సాహిత్య విద్యార్థులకు సుపరిచితము. మేరీ 'ఫ్రాంకెన్‌స్టైన్' ఆ పందెమునందే అంకురించెను. బైరను మాత్రము కొన్ని పుటలు వ్రాసి విడిచిపెట్టెను. ఆ శకలమును బీజముగా గొని పాలిడోరి 'ది వాంపైర్' అను కథ నల్లెను. అది 1819లో ఒక మాసపత్రికలో అచ్చయినప్పుడు కర్తగా బైరను పేరు వేయబడెను. తన కథ కాదని బైరను, తనదేయని పాలిడోరి చెప్పుకొనవలసి వచ్చెను. మరుసటి యేట పారిస్‌లో సిప్రియన్ బెరార్ ఆ కథానాయకుడగు రూత్వెన్ ప్రభువు పేరుతోనే ఉత్తరకథగా ఒక నవలను ప్రకటించెను. ఆ యేడే నోడియే సంబంధము గల నాటకమొకటి రంగస్థలమెక్కెను. ఆంగ్ల గద్యమున వాంపైరు పుట్టుటయే ఒకడు విడిచినదానిని వేరొకడు పూరించుట వలన జరిగినదన్నమాట. పూరణము మనకు వింతగాదు. నన్నయ విడిచిన ఆరణ్యపర్వ శేషమును పూరించినపుడు ఎఱ్ఱన తన పేరు ముందునకు దేక, రాజరాజనరేంద్రునకే అంకితముగా, నన్నయయే వ్రాసెనా యన్నట్లు ముగించెను. అచట పూరించువాడు తన్ను తాను మఱుగుపఱచుకొనెను. పారిస్‌లో మూలకర్తయే మఱుగుపడెను.

1845 మొదలు 1847 వరకు లండనులో పెన్నీ వెలకు భాగములుగా వెలువడిన 'వర్నీ ది వాంపైర్' తొలి సుదీర్ఘ వాంపైరు ధారావాహిక. దీని కర్తృత్వము జేమ్స్ మాల్కమ్ రైమర్‌కు ఆరోపింపబడుచున్నది. భాగములపై కర్త పేరు లేదు. వర్నీ వాంపైరెట్లయ్యెనను విషయమున గ్రంథమునందే పరస్పర విరుద్ధములైన కథనములు కలవు. వారము వారము పుటలు నింపవలసిన రచనకు నియమబద్ధత అక్కఱలేకపోయెను. ఆ నియమబద్ధతను తెచ్చినది 1897 నాటి 'డ్రాకులా'. బ్రామ్ స్టోకర్ తన వాంపైరునకు చేయదగినవి, చేయరానివి నిర్ణయించెను: ఆహ్వానము లేనిదే క్రొత్త గడప దాటరాదు, తన నేలమట్టి లేనిదే విశ్రమింపరాదు. అంతియగాక అతనిని లండను నగరమునకు దింపి, టైపురైటరు, ఫోనోగ్రాఫు, టెలిగ్రాములు, రైలు సమయపట్టికలు గలవారిని అతనిపై పురికొల్పెను. నగరాద్భుతమునకు కావలసిన రెండు ద్రవ్యములును, అనగా నియమమును నగరమును, ఇచటనే కలిసినవని నా యభిప్రాయము. ప్రసంగవశమున ఒక మాట. 1870లో రిచర్డ్ బర్టన్ మన బేతాళకథలలో కొన్నింటిని ఆంగ్లీకరించి ఆ గ్రంథమునకు 'విక్రమ్ అండ్ ది వాంపైర్' అని పేరిడెను. శవము నావేశించి చిక్కుప్రశ్నలడుగు మన బేతాళునకును రక్తపానమే వృత్తిగాగల ఆ జీవికిని పోలిక స్వల్పము. ఐనను బేతాళుడు ఆంగ్లపాఠకుల యింట ప్రవేశించుటకు ఆ పేరే ఆహ్వానపత్రమైనది.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున అభిమానులు స్వయముగా వ్రాసి, ప్రతులు తీసి, పంచుకొను పద్ధతి అమెరికాలో బలపడెను. 1967లో 'స్టార్ ట్రెక్' అభిమానులు వెలువరించిన 'స్పాకనేలియా' అను పత్రిక ఇందులకు తొలి ప్రసిద్ధ నిదర్శనము. అదే యేడు 'డార్క్ షాడోస్' అను టెలివిజను ధారావాహికలో బార్నబస్ కాలిన్స్ అను వాంపైరు ప్రవేశించి, జాలి గొల్పు రక్తపాయిగా ప్రేక్షకుల మనసు చూఱగొనెను. 1976లో ఆన్ రైస్ 'ఇంటర్‌వ్యూ విత్ ది వాంపైర్' నవలలో కథ చెప్పు అధికారమునే వాంపైరున కప్పగించెను. నగరాద్భుతమునకు ఆ పేరు స్థిరపడుటకు కారణమైన రచనలు పిమ్మట కొలది యేండ్లలో వచ్చినవి. చార్లెస్ డి లింట్ 'మూన్‌హార్ట్' 1984లో ఒట్టావా నగరమును, ఎమ్మా బుల్ 'వార్ ఫర్ ది ఓక్స్' 1987లో మినియాపొలిస్‌ను అద్భుతమునకు రంగస్థలములుగా చేసినవి. ఈ రెంటి నడుమ 1986లో టెర్రీ విండ్లింగ్ సంపాదకత్వమున 'బార్డర్‌లాండ్' వెలువడెను. ఒకే ఊహానగరమును పలువురు రచయితలు పంచుకొని వ్రాసిన కథల సంపుటమిది. ఇచట లోకము ఒక్కరి సొత్తు కాదని ముందే యొప్పుకొనిరి. తరువాతి తగవులను చూచినపుడు ఆ యొప్పందపు విలువ తెలియును.

1993లో లారెల్ హామిల్టన్ సెయింట్ లూయిస్ నగరమున వాంపైర్లకు చట్టబద్ధమైన ఉనికినొసగెను. 2000లో జిమ్ బుచర్ చికాగోలో ఒక మాంత్రికుని వృత్తిదారునిగా నిలిపెను. అతని సమీపమున యంత్రములు చెడిపోవును. 2001లో చార్లెయిన్ హారిస్, జపానులో కృత్రిమరక్తము తయారగుటచే వాంపైర్లు దాగియుండ నవసరము లేక లోకమునకు వెల్లడియైరని కల్పించెను. ఒక్క నియమము నుండి ఒక సమాజము, దాని న్యాయస్థానములు, దాని ద్వేషములు పుట్టుకొని వచ్చుట ఈ నవలల సొగసు. అభిమాని చదువుట యన ఆ నియమమును రచయితతో పాటు తానును మోయుట. పదవ సంపుటమున మాంత్రికుని యెదుట యంత్రమొకటి నిరాటంకముగా పనిచేసినచో, రచయిత మఱచినను చదువరి మఱవడు.

ఈ పఠనమును పండితులు ఆలస్యముగానే పట్టించుకొనిరి. 1984లో జానిస్ రాడ్వే శృంగార నవలలు చదువు స్త్రీలను ప్రశ్నించి వారి పఠనమునకు అర్థము వెదకెను. 1992లో హెన్రీ జెంకిన్స్ అభిమానులను, పరుల వనమున దొంగవేట యాడువారితో పోల్చెను. ఈ ఉపమానము మిషెల్ డి సెర్తో నుండి గ్రహింపబడినది. నేటికిని పరిశోధకులు దీనిని వల్లించుచున్నారు. నాకిది సంపూర్ణముగా రుచింపదు. వేటగాడు వచ్చును, కొట్టును, పోవును. అభిమాని అట్లు పోవువాడు కాడు. ఏడేడు ఆ నేలనే దున్ని, గట్లు కాపాడి, ఫలసాయము అనుభవించుచు, పట్టా మాత్రము తన పేర లేనివాడు. అతడు కౌలుదారు. ఈ పోలిక చమత్కారమునకై చెప్పుట లేదు. దీనివలన వేటగాని యుపమానమున కందని యొక విషయము కానవచ్చును: కొన్ని సందర్భములలో రచయితయు కౌలుదారే.

లిసా జేన్ స్మిత్ చరిత్ర ఇందులకు సాక్ష్యము. ఎల్. జె. స్మిత్ అను పేర ప్రసిద్ధురాలైన ఈమె వ్రాసిన 'ది వాంపైర్ డైరీస్' మూడు సంపుటములు 1991లో వెలువడెను. పుస్తకములను ఊహించి, వ్రాయించి, ప్రచురణకర్తలకు విక్రయించు ఒక సంస్థ ఆమెకు ఈ పని నప్పగించెను. ఒడంబడిక కూలిరచనకు సంబంధించినది, అనగా గ్రంథస్వామ్యము సంస్థది. సంస్థ చేతులు మారి పిమ్మట ఆలాయ్ ఎంటర్‌టెయిన్‌మెంట్ అను పేర నిలిచెను. ఈ మాలిక మూడు సంపుటములతో ముగియవలసియుండెను. మూడవదాని చివర నాయిక ఎలీనా మరణించును. పాఠకులు సమ్మతింపలేదు. వారి యొత్తిడివలన 1992లో నాలుగవ సంపుటము వచ్చెను, ఎలీనా మరల బ్రదికెను. నాయికను బ్రదికించినది వాంపైరు రక్తమో మంత్రశక్తియో కాదు, చదువరుల పట్టుదల.

పిదప పదునేడేండ్లు ఆ మాలిక మౌనము వహించెను. ఈలోగా 2005లో స్టెఫనీ మేయర్ 'ట్వైలైట్' వెలువడి, యువజన వాంపైరు నవలకు లోకమెల్ల గిరాకి కలిగించెను. స్మిత్ పాత గ్రంథములు పునర్ముద్రితమయ్యెను. 2009లో ఆమె చేత ఐదవ సంపుటము వ్రాయబడెను, అదే యేట టెలివిజను ధారావాహిక ఆరంభమయ్యెను. పాఠకులు స్టెఫాన్ పక్షమువారు, డేమన్ పక్షమువారు అని రెండుగా చీలి, ఎలీనా యెవ్వరిని వరింపవలెనో తగవులాడిరి. ఈ తగవు చిన్నదని నవ్వరాదు. పాత్రౌచిత్యమును గూర్చి మన యాలంకారికులు చేసిన చర్చకు ఇది దూరపు బంధువు. డేమన్ చేసిన ఘోరములను మఱచి అతనిని నాయకునిగా అంగీకరింపవచ్చునా యను ప్రశ్న పాత్రస్వభావమునకు సంబంధించినదే గదా.

2011లో సంస్థ స్మిత్‌ను ఆ మాలిక నుండి తొలగించెను. ఆ సంగతిని ఆమెయే తన పాఠకులకు తెలిపెను. తరువాతి సంపుటములను వేఱు లేఖకులు వ్రాసిరి. ముఖపత్రముపై ఆమె పేరు మాత్రము నిలిచియే యుండెను. 1819లో వ్రాసినవాని పేరు లేక, వ్రాయనివాని పేరు అచ్చయినట్లే, ఇచటను పేరొకరిది, వ్రాత వేఱొకరిది. పాలిడోరికి ఆ యన్యాయము జరిగినది పత్రికాప్రచురణకర్త అత్యాశ వలన. స్మిత్‌కు జరిగినది చట్టసమ్మతముగా, ఆమె చేవ్రాలు గల ఒడంబడిక వలన. చట్టదృష్టిలో ఇందు దోషము లేదు. కాని గ్రంథమునకు కర్త యన నెవ్వరను ప్రశ్నకు చట్టమే తుది ప్రమాణమైనచో సాహిత్యవిద్యార్థులకు పనియే లేదు. స్మిత్ చేతివ్రాత నెఱిగిన అభిమానులు మాలికకు ఆమెనే కర్తగా గణించిరి. ప్రామాణ్యమును నిర్ణయించుటలో తాళపత్ర ప్రతులను పోల్చు పరిష్కర్త చేయు పనికిని దీనికిని జాతిభేదము నాకు కానరాదు.

2013లో అమెజాన్ సంస్థ కిండిల్ వరల్డ్స్ అను ఏర్పాటు చేసెను. హక్కుదారులు అనుమతించిన కథాలోకములలో అభిమానులు కథలు వ్రాసి విక్రయించుకొనవచ్చును, ఆదాయమున హక్కుదారునకు వంతు చెందును. అట్లు తెరువబడిన లోకములలో వాంపైర్ డైరీస్ ఒకటి. 2014లో ఈ ద్వారమున ప్రవేశించిన రచయితలలో ఎల్. జె. స్మిత్ ఒకతె. తాను సృష్టించిన పాత్రలను గూర్చి 'ఈవెన్‌సాంగ్' అను కథను, ఇతర అభిమానుల సరసన, అభిమానిగానే ప్రకటించెను. మూలకర్త తన గ్రంథమునకు తానే అభిమానియై, అనుమతి గైకొని, వంతు చెల్లించి వ్రాయుట సాహిత్య చరిత్రలో అరుదైన ఘట్టము. 2018లో ఆ యేర్పాటు మూతపడెను.

తక్కిన యుదాహరణములు స్పృశించి విడుచుచున్నాను. ఆన్ రైస్ 2000లో తన పాత్రలపై ఇతరులు వ్రాయరాదని నిషేధించెను. కసాండ్రా క్లేర్ హారీ పాటర్ అభిమానకథలు వ్రాసి చేయి తిరిగినదై, 2007లో న్యూయార్కు రంగస్థలముగా సొంత మాలిక నారంభించెను. ట్వైలైట్ అభిమానకథగా పుట్టినది పేర్లు మార్చుకొని 2011లో 'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' అయ్యెను. కౌలుదారు విత్తనము దీసికొని వేఱొక పొలము కొనుట యన్నమాట. మేయర్ స్వయముగా వ్రాయుచుండిన 'మిడ్‌నైట్ సన్' చిత్తుప్రతి 2008లో అనుమతి లేక బయటపడగా ఆమె పని నాపివేసెను. పాఠకులు 2020 వరకు వేచియుండిరి. వారికి ఆ గ్రంథమైనను లభించెను.

స్మిత్ పాఠకులకు ఆ భాగ్యము లేదు. ఆమె 'నైట్ వరల్డ్' అను వేఱొక మాలికను 1996 నుండి 1998 వరకు తొమ్మిది సంపుటములుగా వ్రాసెను. సహస్రాబ్ది ముగియుచుండ లోకమునకు విపత్తు రానున్నదనియు, దానిని నివారించుటకు నలువురు శక్తిమంతులు కూడవలెననియు కథ. తొమ్మిదవ సంపుటము నాటికి మువ్వురు దొరకిరి. నాలుగవవారి కథ 'స్ట్రేంజ్ ఫేట్' అను పదవ సంపుటమున వచ్చునని ప్రకటింపబడెను. కథలోని సహస్రాబ్ది వచ్చి గడచిపోయెను. పదునాలుగేండ్ల వయసున తొమ్మిదవ సంపుటము చదివిన బాలికలు నలువదేండ్లకు చేరుచు, పాత సంపుటములలోని సూచనలను ఏఱి, ఆ నాలుగవవారెవ్వరో ఊహించుచు వచ్చిరి. 2025 మార్చిలో స్మిత్ మరణించెను. పదవ సంపుటము ఆమె జీవితకాలమున వెలువడలేదు.