కాంతి చికిత్స (చర్మవ్యాధులు)

చర్మవ్యాధులను అదుపు చేయడానికి సూర్యకాంతిని గానీ, దీపాల కాంతిని గానీ కొలిచిన మోతాదులో ఒంటిపై పడనిచ్చే వైద్య పద్ధతి. ఆసుపత్రుల్లో ఫోటోథెరపీ అనీ, రోగుల వాడుకలో లైట్ ట్రీట్‌మెంట్ అనీ అంటారు. బొల్లి, సోరియాసిస్, ఎగ్జిమా, చర్మంలో మొదలయ్యే టి-కణ లింఫోమాలకు ప్రధానంగా వాడతారు. ఎక్కువ సందర్భాల్లో పనిచేసేవి అతినీలలోహిత కిరణాలు. వీటిలో 280 నుంచి 315 నానోమీటర్ల వరకు యూవీబీ, ఆపైన 400 వరకు యూవీఏ. ఈ సరిహద్దును 320 దగ్గర గీసేవారూ ఉన్నారు. పసికందుల కామెర్లకు పెట్టే నీలికాంతి వేరే సూత్రంపై పనిచేస్తుంది. అది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

ప్రాచీన ఆధారాలు

బొల్లికి బావంచాలు వాడి ఎండలో ఉంచే పద్ధతి అథర్వవేదంలోనే ఉందని చాలా గ్రంథాలు ఒకదాన్ని చూసి ఒకటి రాస్తూ వచ్చాయి. కాలం క్రీ.పూ. 1400 అని కొందరు, అంతకంటే తరువాతిదని కొందరు. మూలంలో మొదటి కాండలోని 23, 24 సూక్తాలు మచ్చలు పోగొట్టమని రజని, అసిక్ని వంటి ఓషధులను ప్రార్థిస్తాయి. ఎండలో కూర్చోమన్న మాట అక్కడ లేదు. రజని అంటే పసుపన్నవారూ నీలిచెట్టన్నవారూ ఉన్నారు. బావంచాలన్న గుర్తింపు తరువాతి ఊహగానే తోస్తుంది.

ఎండ స్పష్టంగా కనిపించేది చరక సంహితలో. చికిత్సాస్థానం ఏడో అధ్యాయంలో శ్విత్ర (బొల్లి) రోగికి మలపూ రసం బెల్లంతో తాగించి, ఒంటికి నూనె పట్టించి, ఓపిక ఉన్నంతసేపు ఎండ కాయించమని ఉంది. మలపువును మేడి జాతికి చెందిన కాకోదుంబరంగా, అంటే మన బొమ్మమేడిగా గుర్తిస్తారు. దీనికి దగ్గరి చుట్టమైన అంజూర ఆకుల్లో కాంతితో చర్య జరిపే సోరాలెన్ ఉన్నట్టు ఇప్పుడు తెలుసు. మందు ముందు, ఎండ తరువాత అన్న క్రమానికి భారతీయ మూలం చూపదలిస్తే చరకుణ్ణి చూపడమే క్షేమం. బొల్లిని ఆయన కుష్ఠ ప్రకరణంలోనే చేర్చాడు గానీ, నేటి వైద్యం ప్రకారం కుష్టు వ్యాధితో దానికి ఏ సంబంధమూ లేదు.

ఫిన్సెన్ దీపం

ఆధునిక కాంతి చికిత్స నీల్స్ ఫిన్సెన్‌తో (1860–1904) మొదలైందన్నది సర్వసమ్మతం. ఫారో దీవుల్లో పుట్టి కోపెన్‌హాగెన్‌లో స్థిరపడిన ఈ వైద్యుడు 1893లో, మశూచి రోగులను ఎర్రని కాంతి మాత్రమే చేరే గదుల్లో ఉంచితే మచ్చలు తగ్గుతాయని ప్రతిపాదించాడు. ఆ వాదం తరువాత నిలబడలేదు. పేరు తెచ్చింది చర్మక్షయ. క్షయ క్రిమి ముఖాన్ని తినేసే ఈ వ్యాధికి అప్పటికి కోతలు, వాతలే వైద్యం. అవన్నీ విఫలమైన నీల్స్ మోగెన్‌సెన్ అనే ఇంజినీరుకు 1895 నవంబరులో, నగర విద్యుత్ కేంద్రంలోనే, కార్బన్ ఆర్క్ దీపంతో చికిత్స మొదలుపెట్టాడు. కొన్ని నెలల్లో పుండు మానుముఖం పట్టింది. 1896లో ఫిన్సెన్ వైద్యకాంతి సంస్థ వెలిసింది. 1900లో బ్రిటన్‌లో వేల్స్ యువరాణిగా ఉన్న అలెగ్జాండ్రా లండన్ హాస్పిటల్‌కు ఒక దీపం బహూకరించింది. 1903లో ఫిన్సెన్‌కు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది; మరుసటి ఏడే మరణించాడు.

చికిత్స ఓపికతో కూడిన పని. ఒక దీపం చుట్టూ నలుగురు రోగులు పడుకునేవారు. నీటితో చల్లబరిచిన స్ఫటిక కటకాన్ని ఒక్కో రోగి చర్మంపై ఒక్కో నర్సు గంటసేపు అదిమి పట్టుకునేది. రక్తం కాంతిని పీల్చేస్తుంది కాబట్టి ఆ చోట రక్తం లేకుండా చేయడమే ఆ అదుముడు ఉద్దేశం. ఒక విడతకు చిన్న బిళ్లంత మేర మాత్రమే. మొత్తం నెలలు పట్టేది.

గుణం ఎలా వచ్చిందన్నది వివాదం. అతినీలలోహిత కిరణాలు క్రిములను చంపాయని ఫిన్సెన్ నమ్మాడు. పాఠ్యగ్రంథాలూ అదే చెప్పాయి. 2005లో డెన్మార్క్ పరిశోధకులు నాటి పరికరాలను పరీక్షించి, వాటిలోని మిథిలీన్ బ్లూ ద్రావణం సుమారు 340 నానోమీటర్ల లోపు కిరణాలను దాదాపుగా ఆపేస్తుందని తేల్చారు. వారి వివరణ ప్రకారం క్రిమిలోని పోర్ఫిరిన్లు మిగిలిన కాంతిని పీల్చి, చురుకైన ఆక్సిజన్‌ను పుట్టించి, ఆ క్రిమినే చంపి ఉండాలి. పరికరాల కొలతలకు పొసిగేది ఈ రెండో వాదమే. 1940ల చివర స్ట్రెప్టోమైసిన్ వచ్చాక చర్మక్షయకు దీపం అవసరం తీరిపోయింది.

సోరాలెన్, పువా

పదమూడో శతాబ్దపు ఇబ్న్ అల్-బైతార్ తన ఓషధి గ్రంథంలో, ఉత్తరాఫ్రికాలో ఒక బెర్బర్ తెగవారు ఆత్రిలాల్ గింజలు తినిపించి బొల్లి రోగిని ఎండలో ఉంచేవారని రాశాడు. కొత్తిమీర కుటుంబానికి చెందిన ఈ అమ్మి మేజస్ మొక్క పొడితో కైరోలో అబ్దుల్ మొనేమ్ ఎల్ మోఫ్తీ ప్రయోగాలు మొదలుపెట్టాడు (1940 అని కొన్నిచోట్ల, 1941 అని మరికొన్నిచోట్ల). 1947లో ఫాహ్మీ, అబూ షాదీలు అందులోని క్రియాశీల పదార్థాలను వేరు చేశారు. వాటిలో ఒకటి 8-మెథాక్సిసోరాలెన్. మరుసటి ఏడు మోఫ్తీ ఫలితాలు అచ్చయ్యాయి.

1974లో హార్వర్డ్‌కు చెందిన ప్యారిష్, ఫిట్జ్‌ప్యాట్రిక్, టానెన్‌బామ్, మధు పాఠక్ 8-మెథాక్సిసోరాలెన్ మింగించి రెండు గంటల తరువాత యూవీఏ దీపాల గదిలో నిలబెట్టి సోరియాసిస్‌ను తగ్గించారు. సోరాలెన్, యూవీఏ కలిసి పువా అయింది. దీపం బదులు సూర్యుణ్ణి వాడితే పువాసోల్. ఎండకు కొదవలేని మన దేశంలో, యంత్రం అందుబాటులో లేనిచోట ఇది చాలాకాలం ప్రధాన మార్గంగా ఉంది. ఎండ తీవ్రత గంట గంటకూ మారడం దీని బలహీనత. వైద్యుడి ప్రమేయం లేకుండా బావంచాల ముద్ద పూసుకుని ఎండలో నిలబడితే గుణం కంటే బొబ్బలే ముందు కనిపించవచ్చు.

పువాపై నమ్మకాన్ని తగ్గించింది క్యాన్సర్ భయం. అమెరికాలో 16 కేంద్రాల్లో 1,380 మంది పువా రోగులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో స్క్వామస్ కణ చర్మక్యాన్సర్ మోతాదుతో పాటు పెరిగింది. వారిలో అత్యధికులు తెల్లజాతివారు. ముదురురంగు చర్మంవారిలో అంతటి పెరుగుదల కనబడలేదు, అయినా మొత్తం మోతాదుపై పరిమితి పాటించడం ఆనవాయితీ.

నారోబ్యాండ్ యూవీబీ

1981లో ప్యారిష్, యానికే సోరియాసిస్‌పై ఒక్కో తరంగదైర్ఘ్యాన్నీ విడిగా పరీక్షించి, సుమారు 304–313 నానోమీటర్ల మధ్య గుణం ఎక్కువనీ, 290 లోపు చర్మం కమలడమే తప్ప ప్రయోజనం లేదనీ చూపారు. ఆ పట్టీకి సరిపడా ఫిలిప్స్ టీఎల్-01 గొట్టాలు వచ్చాయి. 311 దగ్గర వెలిగే ఈ దీపాలే ఇప్పటి ఛాంబర్లలో ఎక్కువగా ఉన్నాయి. బొల్లికి 1997లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన ఫలితాలు, 2007లో యోన్స్ బృందం జరిపిన పోలిక పువా కంటే దీనికే మొగ్గు చూపాయి. మింగే మందు లేకపోవడం, పిల్లలకూ గర్భిణులకూ ఇవ్వగలగడం అదనపు సౌకర్యాలు.

సోరియాసిస్‌లో ఈ కిరణాలు చర్మంలోని టి-కణాలను చంపి మంటను తగ్గిస్తాయి. బొల్లిలో వెంట్రుక కుదుళ్లలో దాగిన రంగు కణాలు బయటికి వస్తాయి. అందుకే రంగు ముందు చుక్కలుగా పొడచూపుతుంది. కుదుళ్లు లేని వేలికొసలు, పెదవులు, వెంట్రుకలు కూడా తెల్లబడ్డ చోట్లు మొండికేస్తాయి.

వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి తిరగాలి. జిల్లా ఆసుపత్రి దూరమైన కూలీకి ఈ తిరుగుడే అసలు ఖర్చు. బొల్లికి చదరపు సెంటీమీటరుకు 200 మిల్లీజౌళ్లతో మొదలుపెట్టి విడతకు 10–20 శాతం పెంచాలన్నది 2017 నాటి నిపుణుల సిఫారసు. కళ్లద్దాలు, మగవారికి జననాంగాల కప్పు తప్పనిసరి. జీరోడెర్మా పిగ్మెంటోసమ్, లూపస్ ఎరిథిమటోసస్ ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు. చర్మక్షయకు లూపస్ వల్గారిస్ అన్న పేరున్నా, ఈ రెండో లూపస్‌తో దానికి పొత్తు లేదు.

ఇతర విధానాలు

308 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ చిన్న మచ్చలకు పరిమితం; సోరియాసిస్‌లో దాని తొలి ఫలితాలు 1997లో హంగరీ నుంచి వచ్చాయి. రక్తాన్ని బయటికి తీసి కాంతి చూపి తిరిగి ఎక్కించే ఫోటోఫెరెసిస్ టి-కణ లింఫోమాకు వాడుకలో ఉంది. ఇళ్లలో వాడే ఎర్రకాంతి ముఖపు తొడుగులకు మొటిమల విషయంలో కొంత ఆధారం ఉన్నట్టు కనిపిస్తుంది. సోరియాసిస్‌కు, బొల్లికి అవి ఛాంబర్‌కు ప్రత్యామ్నాయం కావు.